నెమ్మదిగా అంటే ఎంత?

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"క్లచ్ మీంచి కాలు అలా తీసేయకూడదు పెద్దమ్మా. నెమ్మదిగా వదలాలి," అంది డ్రైవింగు నేర్పే అమ్మాయి.

"నెమ్మదిగా అంటే ఎంత?" అని అడిగింది పెద్దమ్మ.

అమ్మాయి తన పాదం మెల్లగా పైకెత్తి చూపించింది.

ఆ డ్రైవింగు స్కూల్లో ఆమె కొత్తగా చేరింది. లారీ తోలే తండ్రి పక్కన కూర్చుని పెరిగిన పిల్ల. ఎంత ఇరుకు సందులోనైనా బండి తిప్పగలదు. ఎలా తిప్పుతుందో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. ఆఫీసులో అందరూ 'డ్రైవరు పిల్ల' అనేవారు. మొదటి స్టూడెంటు లైసెన్సు పరీక్ష పాసైతేనే ఉద్యోగం నిలుస్తుందని ఓనరు ముందే చెప్పాడు.

తీరా చూస్తే, మొదటి స్టూడెంటుగా తల ముగ్గుబుట్టయిన ఈ పెద్దమ్మ దొరికింది.

ఎడమకు తిప్పమంటే కుడికి తిప్పేది. బ్రేకు వెయ్యమంటే హారన్ కొట్టేది. అమ్మాయి ప్రాణం విసిగి స్టీరింగు లాక్కునేది.

అలా లాక్కున్నప్పుడల్లా పెద్దమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తాపీగా కిటికీలోంచి బయటికి చూసేది.

"నువ్వే తోలుకుంటే ఇంక నేనెందుకు టీచరమ్మా? ఓ కునుకు తియ్యనా?"

టీచరమ్మ. ఆ పిలుపు తననేనని అమ్మాయికి వెంటనే తట్టలేదు.

మర్నాటి నుంచి ఆమె తన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. చేతులు ఆడకపోయేసరికి మాటలు వెతుక్కోక తప్పలేదు. అన్నం తింటున్నా అదే ధ్యాస. ఒకరోజు, బిడ్డను నిద్రపుచ్చి లేస్తున్న అక్కను చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

"నిద్రపోయిన పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీస్తామే, అంత నెమ్మదిగా పెద్దమ్మా," అంది మర్నాడు బండిలో.

పెద్దమ్మ కాలు వదిలింది. బండి కదిలినట్టే తెలియకుండా కదిలింది.

ఆమె బండిని రోడ్డు చివరిదాకా పోనిచ్చింది. తర్వాత, ఆ పోలిక ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదని, మీ కోసమే వెతికానని అమ్మాయి చెప్పింది.

తప్పులు ఆగలేదు. కానీ ఒక్కో తప్పుకూ ఒక్కో మాట దొరుకుతూ వచ్చింది. చివరికి ఒక ఉదయం పెద్దమ్మ రెండు డ్రమ్ముల మధ్యకు బండిని వెనక్కి నడిపి, దేనికీ తగలకుండా నిలిపింది.

"నాకొచ్చేసింది టీచరమ్మా," అని దిగి, అమ్మాయి బుగ్గ తట్టి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు ఆమె రాలేదు. అమ్మాయి పరీక్ష జరిగే మైదానం గేటు దగ్గరే నిలబడి ఎదురుచూసింది. ఆఖరి బండి కూడా వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోయినట్టేననుకుని, బండి తాళాలు తెచ్చి ఓనరు బల్ల మీద పెట్టింది. పెద్దమ్మ పరీక్షకు రాలేదని మెల్లగా చెప్పింది.

ఆయన తాళాలను తిరిగి ఆమె వైపే జరిపాడు.

"ఆవిడకి లైసెన్సు నువ్వు పుట్టకముందే వచ్చిందమ్మా."

అమ్మాయి తాళాలు గుప్పిట్లోకి తీసుకుంది. ఆవిడ ఇల్లెక్కడని అడిగింది.

ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని ఆయన చెప్పాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయట, ఇక తప్పులు చేసే ఓపిక లేదందట.

"ఇక్కడ నేర్పేవాళ్ళందరికీ మొదటి స్టూడెంటు ఆవిడే," అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాక్కూడా."