గేటు మీది పచ్చ లైటు

బడుల్లో పేర్లు పిలవడం ఎప్పుడో పోయింది. గేటుకున్న కెమెరాయే ముఖం చూసి, పచ్చ లైటు వెలిగించి, హాజరు వేసి లోపలికి పంపుతుంది. బొగ్గు దుమ్ముకు అడ్డంగా మాస్కు పెట్టుకుంటే అది పిల్లల్ని గుర్తుపట్టదు. అందుకని మాస్కులు ఇంట్లోనే వదిలి రమ్మని స్కూలు కమిటీ రూలు పెట్టింది. పక్కనే గాలిలో దుమ్మును కొలిచే మీటరు కూడా పచ్చగానే వెలుగుతోంది కదా, ఇంక భయమేమిటని వాళ్ల వాదన.

స్వరూప ఇల్లు బొగ్గు గని పక్కనే. ఆరింటికి వేసిన ముగ్గు ఎనిమిదింటికల్లా నల్లబడుతుంది. దాన్ని ఫోటో తీసి కమిటీ చైర్మన్ రాజలింగానికి చూపించింది.

"ముగ్గు చూసి గాలి సంగతి చెప్తరా ఎవరన్న? మిషను పచ్చ అంటే పచ్చనే" అన్నాడాయన.

స్వరూప జాకెట్లు కుట్టి బతుకుతుంది. ఆ వారం జాకెట్లు పక్కన పెట్టి, కూతురు వెన్నెల ముక్కూ మూతీ గుడ్డ మీద ప్రింటు తీయించి మాస్కు కుట్టింది, ఊడిన పాలపన్ను సందుతో సహా. అది చూసి వాడకట్టు తల్లులంతా తమ పిల్లల ఫోటోలు పట్టుకొచ్చారు.

సోమవారం నలభై ముగ్గురు పిల్లలు గుడ్డ నవ్వులతో గేటు దాటారు. ప్రతి నవ్వుకూ పచ్చ లైటు వెలిగింది.

రాజలింగం ఉరుకుతూ వచ్చాడు. "ఇది మోసం. అది మొఖం కాదు, బట్ట."

"మిషను పచ్చ అన్నది గద సారూ" అంది స్వరూప. "అది తప్పంటే చెప్పుండ్రి, పక్కనున్న గాలి మీటరు గూడ విప్పి చూద్దాం. తప్పు కాదంటే పిల్లలు లోపల కూసున్నరు. గంట కొట్టుండ్రి."