నలభై రెండు నిమిషాల సినిమా

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు డిస్కు రెండో యంత్రంలో కూడా ప్లే కాలేదు. కార్మిక పరిహారాల విచారణ గదిలో టీవీ మీద ‘డిస్కు లేదు’ అని వచ్చింది. డిస్కు లోపలే ఉంది.

అంతకుముందు కంప్యూటర్లో పెట్టి చూశారు. ‘ఈ పరికరానికి అనుమతి లేదు’ అని చూపించి, ట్రే దానంతట అదే బయటికి వచ్చేసింది.

“ఏమిటయ్యా ఇది?” అన్నాడు విచారణాధికారి.

“ఇది బజారులో దొరికే రకం కాదు సార్,” అన్నాడు గుమాస్తా. “ఆర్డరిస్తే అప్పటికప్పుడు ఒక్క డిస్కులోకి ఎక్కించి పంపుతారు. మన ప్లేయరు పాతది, ఇట్లాంటివాటిని గుర్తుపట్టదు. కంప్యూటరు గుర్తుపడుతుంది గానీ, కాపీ కొడతామేమోనని డిస్కుకి తాళం వేసి పెట్టారు. ఒకదానికి చూపు ఆనదు, ఇంకోదానికి మన మీద నమ్మకం లేదు.”

ఫ్యాక్టరీ లాయరు ఒక్కడే నవ్వాడు.

డిస్కులో ఉన్నది కార్మికుల భద్రత గురించిన సినిమా. నిడివి నలభై రెండు నిమిషాలు. రేకులు నొక్కే ప్రెస్సు మిషను ఆపకుండా దాని ముందున్న జాలీ తలుపు తెరవకూడదని అందులో చెబుతారు. మూడు నెలల కిందట ఒక కార్మికుడు ప్రెస్సు ఆపకుండా జాలీ తెరిచి చనిపోయాడు. సినిమా చూసి కూడా తెరిచాడని తేలితే తప్పు అతనిది, భార్యకు పరిహారం రాదు. చూడలేదని తేలితే తప్పు ఫ్యాక్టరీది.

భార్య ముందు వరసలో కూర్చుంది. బట్టలు కుట్టే పని ఆమెది. ఆ పూట పని మానుకుని వచ్చింది. పక్క కుర్చీలో ఆమె మరిది.

“చూశానని రిజిస్టర్లో స్వయంగా సంతకం పెట్టాడు కదండీ,” అన్నాడు లాయరు. “ఇంకా ఈ డిస్కుతో కుస్తీ ఎందుకు?”

“సంతకం ఆయనదే,” అంది ఆమె. “సినిమా మాత్రం చూడలేదు. ఏ సినిమా చూసొచ్చినా మొదట్నించీ చివరిదాకా కథ చెప్పందే కాళ్ళు కూడా కడుక్కునేవాడు కాదు. దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.”

“ప్రెస్సు సినిమాకి కథేముంటుందమ్మా? హీరో ప్రెస్సే, విలనూ ప్రెస్సే,” అన్నాడు లాయరు.

మరిది ఆమె వైపు వంగాడు. “వదినా, ఫ్యాక్టరీవాళ్ళు ఇస్తామన్నదేదో పుచ్చుకుని ఇంటికి పోదాం.”

“నువ్వు ఊరుకో.”

“మీ మరిది మంచి మాటే చెప్పాడమ్మా,” అన్నాడు లాయరు.

ఆమె లేచి నిలబడింది. “ఆయన దేంట్లో చూశాడంటున్నారో ఆ మిషనే తెప్పించండి సార్. నేనూ చూస్తాను.”

లాయరు అభ్యంతరం చెప్పలేదు. ఫోను తీసి ఫ్యాక్టరీ శిక్షణ అధికారితో మాట్లాడాడు. “ప్లేయరు పట్టుకు రండి. అసలు రిజిస్టరు కూడా తెండి. జిరాక్సు చూస్తే ఈవిడకి నమ్మకం కుదరడం లేదు.”

పన్నెండు గంటల ఐదు నిమిషాలకు శిక్షణ అధికారి చంకలో ప్లేయరుతో, చేతిలో రిజిస్టరుతో వచ్చాడు. గుమాస్తా వైర్లు కలిపి డిస్కు పెట్టాడు. ట్రే మూసుకుంది. కొన్ని సెకన్లు ఏమీ రాలేదు. తర్వాత సినిమా మొదలైంది.

తొమ్మిదో నిమిషంలో ప్రెస్సు కనిపించింది. ఒక చెయ్యి ఎర్ర బటన్ నొక్కింది. ప్రెస్సు ఆగింది. అప్పుడు జాలీ తెరుచుకుంది. “ముందు ఆపాలి, తర్వాత తెరవాలి,” అని వెనక నుంచి ఒక గొంతు మూడుసార్లు చెప్పింది. నలభై రెండు నిమిషాలూ ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

“పసిపిల్లాడికైనా అర్థమవుతుంది సార్,” అన్నాడు లాయరు.

“ఇంకేమైనా చెప్పుకుంటారా అమ్మా?” అన్నాడు విచారణాధికారి.

ఆమె తల అడ్డంగా ఊపింది. మరిది నేల వైపు చూస్తున్నాడు.

“దీనికో కాపీ తీసి ఫైల్లో పెట్టవయ్యా,” అన్నాడు విచారణాధికారి.

“కాపీ రాదు సార్. తాళం ఉంది కదా,” అన్నాడు గుమాస్తా.

“అయితే డిస్కే ఉంచు.”

లాయరు లేచాడు. “అలా అనకండి సార్. ఫ్యాక్టరీ మొత్తానికి ఇదొక్కటే. తీసినవాళ్ళు దుకాణం ఎత్తేశారు, ఇంకోటి తెప్పిద్దామన్నా దిక్కు లేదు. సీలు వేసి మీకు అప్పజెప్పి పంతొమ్మిది రోజులైంది. అప్పట్నించీ మీ బీరువాలోనే ఉంది. కొత్తగా చేరేవాళ్ళకి మేం చూపించుకోవాలి.”

శిక్షణ అధికారి వెనక నుంచి లాయరు కోటు పట్టి లాగాడు. లాయరు విదిలించుకున్నాడు.

విచారణాధికారి రిజిస్టరు తెరిచాడు. చనిపోయిన కార్మికుడి సంతకం ఉన్న పేజీ దాటాడు. ఇంకా తిప్పుకుంటూ పోయి, రాసి ఉన్న చివరి పేజీ దగ్గర ఆగాడు.

“ఇవాళ తేదీ ఎంతయ్యా?”

గుమాస్తా చెప్పాడు.

“ఇవాళ పొద్దున ఏడున్నరకి, కొత్తగా చేరిన పదకొండు మంది ఈ సినిమా పూర్తిగా చూసినట్టు సంతకాలు పెట్టారు,” అన్నాడు విచారణాధికారి. “డిస్కు ఇక్కడుంటే వాళ్ళేం చూశారండీ?”

శిక్షణ అధికారి లాయరు వైపు చూశాడు. లాయరు కూర్చున్నాడు.

“పేర్లు పైకి చదివి రికార్డులో రాసుకో,” అన్నాడు విచారణాధికారి గుమాస్తాతో.

గుమాస్తా చదివాడు. మొదటి పది పేర్లూ ఆమె ఎప్పుడూ విననివి. పదకొండోది ఆమె మరిదిది.