పదింటి దాకా

“రిపోర్టుల్లో ఏమీ లేదు డాక్టరుగారూ. ఇదంతా పని ఎగ్గొట్టే నాటకం!” పక్కన కూర్చున్న చెల్లెల్ని చూపిస్తూ అన్నాడు దర్జీ. “కొట్టు తెరవగానే కత్తెరైనా పట్టుకోదు. పదింటికల్లా మిషను మీద చేతులు చకచకా ఆడతాయి. నిజంగా చేతుల నొప్పయితే అలా పోతుందా?”

డాక్టరమ్మ కలం ఆపింది. “రోజూ ఇంతేనా?”

“ఆర్నెల్ల నుంచీ ఇదే వరస.”

ఆమె చెల్లెలి వేళ్ల మొదళ్లను మెల్లగా నొక్కింది. చెల్లెలు పళ్లు బిగబట్టింది.

“కీళ్లు వాచాయి. పొద్దున బిగుసుకుపోయి, పనిలో పడ్డాక సడలుతున్నాయంటే కీళ్లవాతమే అనిపిస్తోంది. రక్తపరీక్షలో ఒక్కోసారి దొరకదు. మీరు నాటకమన్నదే దాని గుర్తు.”

దర్జీ గొంతు తగ్గింది. “నాకొక్కసారైనా చెప్పొద్దుటే?”

“రోజూ చెప్పాను అన్నయ్యా.”