కవర్ ఫొటో

హాల్డేన్ రెండోసారి కొట్టేసరికి తన్మయి పెదవి చిట్లింది. అతను వెంటనే కెమెరా ఎత్తి ఫొటో తీశాడు.

అతని ఫొటోల్లో మోడల్స్ కార్చే కన్నీళ్లను లండన్ ఫ్యాషన్ పత్రికలు ఎన్నో ఏళ్లుగా మెచ్చుకుంటున్నాయి. అవి ఎలా వస్తాయో ఆరోజు పారమట్టాలోని అతని స్టూడియోలో, మేకప్ బ్రష్ పట్టుకుని నిలబడి నేను చూశాను.

"స్టాప్, ప్లీజ్," అంది తన్మయి. అతను ఆమె జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. మళ్లీ ఫొటో తీశాడు.

నేను లైట్ స్టాండ్ ఎత్తి అతని కుడిచేతి మీద బలంగా వేశాను. ఎముక విరిగిన చప్పుడైంది. కెమెరా జారిపోయింది. అతను కూలబడి అరుస్తున్నా ఆగక, అదే చేతి మీద ఇంకోసారి కొట్టాను.

అంబులెన్స్‌కీ పోలీసులకీ ఫోన్ చేశాను. తన్మయి గోడవార కూర్చుని కెమెరాను ఒళ్లోకి తీసుకుంది.

"అది జాగ్రత్తమ్మా. ఎవిడెన్స్ అంతా అందులోనే ఉంది," అన్నాను.

ఆమె నెత్తురు తుడుచుకుంటూ ఫొటోలు ఒక్కొక్కటే చూసుకుంటోంది.

"ఏడుపు రావట్లేదని ఫస్ట్ టైమ్ కొట్టమన్నది నేనే, ఆంటీ. తర్వాత స్టాప్ అన్నా వినలేదు, ట్రూ. బట్ ఇంత మంచి ఫొటోలు నాకెప్పుడూ రాలేదు."

బయట సైరన్ వినిపించింది. ఆమె కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి జేబులో వేసుకుంది.

"మా ఇద్దరినీ మీరే కొట్టారని చెప్తాను. సారీ, ఆంటీ. ఈసారి కవర్ మీద నేనే ఉండాలి."