వాకిట్లో కంకర

నేలకు విశ్రాంతి ఇవ్వడం కోసం నల్లమల అడవిలో కంకర దారి పది రోజులకోసారి తనంతట తానే పక్కకు జరుగుతుంది. మోటారు బండ్లు రాని ఆ దారిన మంత్రసాని గురువమ్మ సైకిలు తొక్కుతోంది. చెంచుల గూడెమైన పెంటలో ఆమె కూతురికి పురిటి నొప్పులు మొదలయ్యాయి. కూతురి దగ్గర ఎవరూ లేరు. ఎప్పుడూ ఎడమన ఉండే మద్దిచెట్టు ఇవాళ కుడివైపు కనిపించింది.

“పెంటకేనా పోతున్నాం?” అని సైకిలును అడిగింది.

“దారి మీదే ఉన్నారు గురువమ్మగారూ,” అంది సైకిలు.

“దారి సంగతి కాదే, పెంట యాడుంది?”



ఆమె దిగి, మద్దిచెట్టు ఎడమన వచ్చేలా తిరిగి, సైకిలును అడవిలోకి నడిపించింది. వెనక కంకర చప్పుడైంది. చూస్తే, దారి ఆమె అడుగుల వెంటే పరుచుకుంటూ వస్తోంది.

గుడిసెలో కూతురు మూలుగుతూ, “ఏ దారిన వచ్చావమ్మా?” అంది.

వాకిట్లో కంకర ఇంకా పోగుపడుతోంది.

“తెలీదే. నువ్వు ఊపిరి పీల్చు.”