తవ్విన చెయ్యి

"పారలు కింద పెట్టండయ్యా," అన్నాను, చావింటి నుంచి పరుగున వచ్చి.

మొన్న మలావీలో దిగి మా ఊరొచ్చిన మిషనువాళ్లు అప్పటికే చర్చి పునాది మోకాటిలోతు తవ్వేశారు. వాళ్ల పెద్ద డేవిడ్ చెమట తుడుచుకుని, వాళ్ల మాట ఊరికీ ఊరి మాట వాళ్లకీ చెప్పే నా వైపు తిరిగాడు.

"నిన్న బిస్కట్లకైతే ఊరంతా వచ్చింది. ఇవాళ పనికి ఒక్కరూ లేరేం, చిసోమో?"

"ఎస్నాతి కూతురు తెల్లారుజామున చనిపోయింది. పూడ్చేదాకా ఊళ్లో సమాధి తప్ప ఇంకో గొయ్యి తవ్వకూడదు. తవ్వితే ఆ యింటికి ఇంకో చావును పిలిచినట్టే."

"ఇంకా ఈ నమ్మకాలేనా? దేవుడి పని ఆగదు."

అంతలో ఎస్నాతే వచ్చింది. చనిపోయినదాని కొడుకు ఆమె వీపున జ్వరంతో మూలుగుతున్నాడు.

"తల్లిని తిన్న జ్వరమే వీడికీ పట్టింది తమ్ముడూ. దొరనడిగి ఇంత మందు ఇప్పించు."

డేవిడ్ పార పడేసి, సంచిలోంచి మందుసీసా తీశాడు. "బిడ్డనిటు ఇమ్మను. ఇంకా వేళ మించలేదు."

ఎస్నాతి చేతులు బిడ్డను వీపున కట్టుకున్న గుడ్డ ముడి విప్పబోయి ఆగాయి. ఆమె పునాదిని చూసింది. తర్వాత సీసా పట్టుకున్న చేతిని చూసింది. దాని నిండా ఎర్రమట్టి.

"ఇది తవ్వింది ఈయనేనా?"

"అవునక్కా," అన్నాను.

"గొయ్యి తవ్వి పెట్టుకుని, బిడ్డనిమ్మంటున్నాడా?"

ముడి మళ్లీ బిగించుకుని, ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది.