నల్లచొక్కాల మడి

వీణనూ గిటారునూ ఒకే చెవితో వినగల తల్లీ శారదా, ఆ ఓర్పు మాకూ కొంత ప్రసాదించు.

2003 మే నెల. ఫలక్‌నుమాలో రాధాకృష్ణమూర్తిగారి గుమ్మం ముందు ఇద్దరు యువకులు మండుటెండలో నల్లచొక్కాలతో, కపాలాల గొలుసులతో నిలిచారు. మృత్యుగీతాలు గర్జించే గోథిక్ మెటల్ అనే రాక్ సంగీత బృందానికి వారు పరమభక్తులు. ఆయన మనవరాలు మైథిలి ఇటీవలే అందులో గాయనిగా చేరింది.

"బాపూ, మీరే ఆపాలె," అన్నాడు వారిలో ఒకడైన దీక్షిత్. "మొదటి క్యాసెట్ల అంతా గర్జనే, మస్తుండె. మీ పిల్ల వచ్చినంక పాటల రాగం సొచ్చింది."

"రాగం దోషమా నాయనా?"

"మాకు దోషమే. ఆదివారం ఆమె స్టేజి ఎక్కితే మేమంతా లేచి బయటికి పోతం."

మూర్తిగారి ముఖం వికసించింది. ఆమెను మాన్పించాలని ఆయన ఉదయమే నిశ్చయించారు. తలుపు వెనుక మైథిలి చెవి ఆనించి వింటోంది.

"ఆడగొంతు కలిస్తే మెటల్ మైలపడ్తది బాపూ," అన్నాడు రెండోవాడు. "పెద్దలు పెట్టిన పద్ధతి మార్చొద్దు."

మూర్తిగారు ఉలిక్కిపడ్డారు. ఉదయం వంటింట్లో మనవరాలితో తాను అన్న మాటే అది.

"ఆ పెద్దల వయసెంత?"

"బ్యాండు పెట్టినోళ్ళకు ఇరవై రెండు."

"పద్ధతి ఎప్పటిది?"

"నాలుగేండ్లయింది బాపూ!"

ఆయన ఆ కపాలాల గొలుసులను చూశారు. ఇంతటి మడి తమ వంశంలోనూ ఎవరూ కట్టలేదు.

"మైథిలీ," అని లోపలికి కేక వేశారు. "ఆదివారం నాకు ముందు వరుసలో కుర్చీ వేయించమ్మా. వీళ్ళు ఎలాగూ లేచి బయటికి పోతారట."

ఈ కథ విన్నవారందరికీ శుభమగుగాక; తమ మాటను పరుల నోట వినే భాగ్యం ఒక్కసారైనా కలుగుగాక.